మార్కుల పత్రమున చదువెక్కడ?

విశాఖపట్టణమున మధ్యతరగతి గృహములందు నెలకొకసారి ఒక చిన్న విచారణ జరుగుచుండును. న్యాయాధిపతి తండ్రి, ముద్దాయి పదుమూడేండ్ల బాలుడు, సాక్ష్యము పాఠశాలనుండి వచ్చిన ఒక కాగితము. ఇటీవల కాగితము సయితము రాక, తండ్రి ఫోనునకే సందేశముగా వచ్చుచున్నది గనుక, బాలుడు ఇల్లు చేరకమునుపే తీర్పు సిద్ధమగుచున్నది. ఆ పత్రమున ఏమి యుండును? ఆరు విషయముల పేర్లు, ఆరు సంఖ్యలు, వాని మొత్తము, అడుగున తరగతిలో ఎన్నవవాడో తెలుపు మరియొక సంఖ్య. దీనికి ప్రోగ్రెసు రిపోర్టు అని పేరు. ప్రోగ్రెసు అనగా పురోగతి గదా. బాలుడు ఎక్కడ నుండెను, ఎక్కడికి వచ్చెను అని చెప్పునది పురోగతి. ఈ పత్రము ఆ సంగతి చెప్పుట లేదనియు, చెప్పకయే చెప్పినట్లు నమ్మించుచున్నదనియు, దానిని నమ్మి మనము మన బాలురకు అపకారము చేయుచున్నామనియు మా వాదము.

ఈ విద్యాసంవత్సరమున మా పొరుగింట జరిగిన సంగతి చెప్పెదము. ఇంటి యజమాని ఉక్కు కర్మాగారమున ఉక్కు కరగించు శాఖలో పనిచేయువాడు. ఆయన కుమారుడు నగరమందలి ఒక బాలుర పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుచున్నాడు. పాఠశాల పేరు చెప్పము. మేము చూచిన పత్రములన్నియు ఒక్క తీరుననే యున్నవి గనుక పేరుతో పని లేదు. సెప్టెంబరు పత్రము వచ్చిన సాయంకాలము తండ్రి కేకలు మా వాకిటికి వినవచ్చెను. "పోయిన నెల పన్నెండు గదరా! ఇప్పుడు పదిహేడేటి? బడిలో ఏటి చేస్తన్నావు?" బాలుడు మారుపలుకలేదు. మేము ఊరకుండలేక వెళ్లి, రెండు నెలల పత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూచితిమి. ఆగస్టులో 300కు 216 మార్కులు, 12వ స్థానము. సెప్టెంబరులో 300కు 234 మార్కులు, 17వ స్థానము. మార్కులు 18 పెరిగినవి. స్థానములు అయిదు దిగినవి. ప్రశ్నలు సులభమయ్యెనో, తక్కిన బాలురు ఎక్కువ చదివిరో మాకు తెలియదు. ఇతరులు నేర్చుకొన్నందుకు వీడేల తిట్లు తినవలెను? తండ్రి ఆ రెండు మొత్తములను చూడనే లేదు. ఆయన కన్ను తిన్నగా అడుగు పంక్తికి పోయినది. మన అందరి కన్నులును అటులనే పోవును.

అంతట గణితమున 50కి 41 వచ్చినవి గదా, తక్కిన 9 ఎక్కడ పోయినవని అడిగితిమి. ఆ మాట తండ్రికి తెలియదు, తల్లికి తెలియదు, బాలునికిని సరిగా తెలియదు. జవాబు పత్రమును ఒక గడియ చేతికిచ్చి తిరిగి తీసికొనిరట. అదృష్టవశమున ప్రశ్నపత్రము సంచిలో నుండెను. ఒక్కొక్క లెక్కయు మా యెదుట మరల చేయుమంటిమి. ముప్పాతిక లీటరు నూనెను, లీటరులో ఎనిమిదవ వంతు పట్టు సీసాలలో నింపిన ఎన్ని సీసాలగునని యొక లెక్క. బాలుడు భాగించి ఆరు అని వేసి, మరల దానిని కొట్టివేసి, గుణించి ఏదో భిన్నమును వ్రాసెను. ఎందులకు కొట్టివేసితివని అడుగగా, "ఆరు వచ్చింది గానండీ, భాగిస్తే తగ్గాలి గదా. ముప్పాతిక కన్న ఆరు ఎక్కువ. తప్పేమోనని కొట్టేశాను" అనెను.

చదువరులు ఈ మాటను ఒక్కసారి ఆలోచింపవలెను. ఇది మందబుద్ధి చెప్పు సమాధానము కాదు. ఈ బాలుడు వచ్చిన జవాబును తనకు తెలిసిన న్యాయముతో సరిచూచుకొనినాడు. ఆ న్యాయము పూర్ణసంఖ్యలకు చెల్లునే కాని ఒకటికన్న చిన్నదైన భిన్నముచేత భాగించునపుడు చెల్లదని వానికి ఎవ్వరును చెప్పలేదు; తిరగవేసి హెచ్చవేయుమని మాత్రమే చెప్పిరి. వాని నాయనమ్మ ఆ ప్రక్కనే బియ్యము కొలుచుచుండెను. సంగతి విని, "సోలకి గిద్దలెన్నిరా నాయనా?" అనెను. "నాలుగు." "మరి మూడు సోలలకి?" "పన్నెండు." "మూడుని గిద్దతో కొలిస్తే పన్నెండు కాలేదేటి? కొలపాత్ర చిన్నదైతే లెక్క పెరగదా?" బాలుడు ఆమె చేతిలోని గిద్దను కొంతసేపు చూచి, నూనె లెక్కను మరల చేసి, ఆరు అని వ్రాసి, ఈసారి కొట్టివేయలేదు. ఆ నాయనమ్మ చదువుకొన్నది రెండవ తరగతి. ఆమె తీర్చిన యీ చిక్కు బాలుని మనస్సున ఆరవ తరగతినుండి యున్నది. ఇరువదికి పైగా పత్రములు ఈ మధ్యకాలమున ఆ యింటికి వచ్చినవి. ఒక్కదానియందును ఈ మాట లేదు. ఉండినచో ఆమె ఆనాడే ఒక సోలయు గిద్దయు తెచ్చి కూర్చుండెడిది.

మేము తండ్రితో నొక మాట అంటిమి. మీ కర్మాగారమున కన్వర్టరులోని లోహమును ఆమ్లజని ఊది శుద్ధిచేయునపుడు, పోతపోయకమునుపు గరిటెడు తీసి పరీక్షాగారమునకు పంపుదురు గదా, అక్కడినుండి ఏమని వార్త వచ్చునని అడిగితిమి. కర్బనమింత, మాంగనీసింత, గంధకమింత, భాస్వరమింత యని వచ్చునని ఆయన చెప్పెను. దానినిబట్టి ఏమి చేయుదురు? చాలనిది కలుపుదుము, మిక్కిలియైనదానిని తీయుదుము, వేడిమిని సరిచేయుదుము, ఆ పిమ్మటనే పోతకు పంపుదుము అనెను. అటుల కాక, ఈ పాత్రలోని ఉక్కు నేటి పాత్రలలో పదునేడవది యని మాత్రము వ్రాసి పంపినచో ఏమి చేయుదురు? ఆయన నవ్వి, "దాంతో నేనేం చేసుకుంటానండీ?" అని, వెంటనే నవ్వు మాని, కుమారుని వైపు చూచెను. ఉక్కునకు మనము ఇచ్చు గౌరవము కొడుకునకు ఈయకున్నాము.

ఈ వ్యాధి నేటిది కాదు. ఇంగ్లండులో 1862లో పాఠశాలలకిచ్చు గ్రాంటును, ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కొక్క బాలుని పరీక్షించినపుడు ఎందరు తేలిరో దానినిబట్టి నిర్ణయించు ఏర్పాటు చేసిరి. కొన్నియేండ్లకే ఆ పద్ధతి చెన్నరాజధానికిని వచ్చెను. విశాఖపట్టణము నాడు ఆ రాజధానిలోనిదే. బాలుడు ఇన్‌స్పెక్టరు ఎదుట ఒప్పజెప్పగలిగిన పంతులు బ్రదుకును, లేనిచో పస్తుండును. అట్టి యెడ పంతులు ఏమి నేర్పును? ఒప్పజెప్పుట నేర్పును. 1904లో కర్జను ప్రభువు ప్రభుత్వము వెలువరించిన విద్యావిధాన తీర్మానమే ఈ పద్ధతిని, పరీక్షల పెత్తనమును తప్పుపట్టినది. 1911లో ఈ రాజధానియందు మెట్రిక్యులేషను స్థానమున ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చినపుడు, కడపటి పరీక్షయే కాక బడిలో బాలుడు చేసిన పని యొక్క లెక్కయు ఆ పుస్తకమున ఎక్కవలెనని పెద్దలు కోరిరి. కోరిక మంచిదే, ఎక్కినవి మాత్రము మరల మార్కులే. 2009 నాటి విద్యాహక్కు చట్టము, బాలుడు ఎంత గ్రహించెనో, గ్రహించినదానిని ఎంత ఉపయోగింపగలడో నిరంతరముగ చూడవలెనని శాసించినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ప్రోగ్రెసు కార్డునే క్రొత్తగా దిద్దవలెనని చెప్పినది. పొరుగింటి బల్లమీది పత్రము వీనిలో దేనిని చదివినట్లు లేదు.

సంఖ్య ఎంత నమ్మదగినదో చూతము. ఆంధ్రప్రదేశమున పదవ తరగతి ఉత్తీర్ణులు 2022లో నూటికి 67.26, 2024లో 86.69. రెండేండ్లలో మన బాలబాలికల బుద్ధి అంతగా వికసించెనా? లేక 2022 వారు కరోనా కాలమున బడులు మూతబడి నష్టపోయినవారగుటచేత అటులయ్యెనా? ప్రశ్నలు మారెనా, దిద్దుట మారెనా? సంఖ్య చెప్పదు. 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియెటు ఫలితములు వచ్చినపుడు, తెలుగులో సున్న వచ్చినదని ప్రకటింపబడిన ఒక బాలికకు తిరిగి చూడగా 99 మార్కులని తేలెను. ఆ ఫలితముల వెంట ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరని పత్రికలు వ్రాసినవి. ఒక కాగితముమీది అంకె తన విలువ యని పిల్లలకు నమ్మిక కుదిర్చినది ఎవరు? బోర్డు కాదు, కంప్యూటరు కాదు. పదేండ్లపాటు నెలనెలా ఆ అంకెను చూచి ముఖము వికసింపజేసికొనినవారును, మాడ్చుకొనినవారును మనమే. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పదవ తరగతి ర్యాంకుల ప్రకటనలను పాఠశాలలు వేయరాదని ఉత్తరువు చేసినది. మంచి పనియే. గోడలమీది ర్యాంకును ప్రభుత్వము చెరపగలదు. భోజనపు పీటలమీది ర్యాంకును చెరపుటకు ఏ ఉత్తరువు చాలును?

ఈ మాటలు విన్న మిత్రుడొకడు, మన యూరివాడే సి.వి. రామన్‌ను చూడుడు, ఆయన పరీక్షలలో మేటి కాడా యని అడిగెను. అగును. 1847 నాటి సెయింట్ అలోషియస్ బాలుర పాఠశాలలో, మన పాతనగరముననే, ఆయన చదివి 11వ యేట మెట్రిక్యులేషను ముగించెను. కాని ఆ యింటిని చూడవలదా? తండ్రి చంద్రశేఖరయ్యరు 1892లో మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలకు గణిత భౌతికశాస్త్రములు బోధించుటకు వచ్చినవాడు, ఇంట పుస్తకములు, తండ్రి చేతిలో వయొలిను. తంతివాద్యముల నాదమును గూర్చి, మృదంగ నాదమును గూర్చి ఆ కుమారుడు పిమ్మట పరిశోధనలు చేసినది ఊరకనే కాదు. కొడుకు ఏది గ్రహించెనో, ఎక్కడ ఆగెనో తెలిసికొనుటకు అట్టి తండ్రికి నెలసరి పత్రముతో పని యుండెనని మేము తలంపము. అందరి యిండ్లలోను చంద్రశేఖరయ్యరు ఉండడు. 1933లో రేవు తెరచినది మొదలు, 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది మొదలు, శ్రీకాకుళము, విజయనగరము పల్లెలనుండి పనికొరకు వచ్చి నిలిచిన కుటుంబములు ఈ నగరమున వేలకొలది. రేవులో బరువులెత్తు కళాసీ కుమారుడు తరగతిలో ఏమి నేర్చెనో తండ్రికి తెలుపు కిటికీ ఆ పత్రమొక్కటే. ఆ కిటికీకి అంకెల తడిక కట్టినారు.

కిటికీ అంటిమి గాని, అది తెరచియున్నను లోపలిది కనబడు భాషలో లేదు. మేము చూచిన పత్రములపై అంకెలు కాక అక్షరములు ఉన్నచో, అవి ఇంగ్లీషున రెండు ముక్కలు: నీడ్స్ ఇంప్రూవ్‌మెంట్. ఏది బాగుపడవలెను? ఎటుల? నడవడి అను గడిలో అందరికిని గుడ్ అను ఒకే ముద్ర. ఈ యూరనే పాఠశాలల పరీక్షాధికారిగా నుండిన యేట్సు దొర, పుస్తకపు తెలుగునకును నోటి తెలుగునకును ఇంత దూరమేల యని అడిగినపుడు, ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాసయ్యంగారు, గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి గారలు ఆ ప్రశ్నను విడువక పట్టుకొనిరి; పెద్ద ఉద్యమమే లేచినది. (మేము ఈ వ్యాసము వ్రాయుచున్న భాషను చూచి గిడుగువారి అభిమానులు నవ్వవచ్చును. ఆ నవ్వునకు మేము తగుదుము.) నూరేండ్లు దాటినను, బడి ఇంటితో మాటలాడునపుడు ఇంటివారి మాటలో మాటలాడదు.

ఇంటివారనగా ఎవరు? పత్రము అడుగున తండ్రి సంతకమునకు గీత యున్నది. సాయంకాలము బాలునితో కూర్చుండునది తల్లి. 2020 జనవరిలో అమ్మ ఒడి పథకము క్రింద 15,000 రూపాయలు ప్రభుత్వము తల్లి ఖాతాలో వేసినది, తల్లి చేతిలోనైన సొమ్ము బిడ్డ చదువునకు చేరునని. సొమ్మునకు నమ్మదగినదైన తల్లి సంతకమునకు పనికిరాదా? తెలుగుమాధ్యమమున పదవ తరగతి చదివిన తల్లులు మా వీధిలో పదిమంది యున్నారు. పిల్లవానికి ఫలాన సంగతి తెలియలేదని తెలుగున ఒక్క వాక్యము వచ్చినచో, వారిలో సగముమంది దానిని తామే దిద్దగలరు. తక్కినవారు దిద్దగలవారిని వెదకుదురు.

ఒక్కొక్క బాలునికి వాక్యములు వ్రాయుటకు ఉపాధ్యాయునికి తీరికయెక్కడిదని అందురు. తరగతిలో 45 మంది యున్నారనుకొందము. నేడు పెక్కు బడులలో బాలుని వారము ఇట్లున్నది: శనివారము పరీక్ష, శుక్రవారము దానికి సిద్ధపడుట, సోమవారము మార్కులు చదువుట. పాఠమునకు మిగిలినవి మూడు దినములు. వారమునకొక పరీక్ష మాని నెలకొకటి పెట్టినచో, ఉపాధ్యాయుడు దిద్దవలసిన జవాబు పత్రములలో నెలకు 135 తగ్గును. ఆ కాలములో 45 వాక్యములు వ్రాయలేడా? వ్రాయుటకు ముందు ప్రతి బాలుని జవాబును అర్థముచేసికొని చూడవలసివచ్చును గదా యందురేమో. ఆ చూచుటయే ఉపాధ్యాయుని పని. మరికొందరు, లోకమున పోటీ యున్నది, వృత్తివిద్యల ప్రవేశపరీక్షలలో ర్యాంకులు లేవా యందురు. ఉన్నవి. సీట్లు కొన్ని, కోరువారు పెక్కురు అయినచోట వరుస తప్పదు. ఎనిమిదవ తరగతి గణితమున సీట్లెన్ని? భిన్నముల భాగహారము 17 మందికే చాలునా, పదునెనిమిదవవానికి మిగులదా?

ఒక పాఠశాలలో చిరకాలముగా పనిచేయుచున్న ఉపాధ్యాయుడు మాతో అనిన మాటకు మాత్రము మా యొద్ద బదులు లేకపోయెను. "వాక్యం రాస్తే చదివేదెవరండీ? రెండేళ్లు రాసి చూశాను. ఒక్కరూ అడగలేదు. ఒక నెల ర్యాంకు వేయడం మరిచిపోతే మర్నాటికి ముప్పై ఫోన్లు." ఈ నేరమున మేమును పాలివారమే. మా పెద్ద కుమారుని ఆరు సంవత్సరములు ఎన్నవవాడవని అడిగితిమి. ఏది తెలియలేదని ఒక్కనాడును అడుగలేదు. ఒక నెల పత్రముపై మా సంతకమును వాడే చేసికొనిపోయెను. బయటపడినపుడు అబద్ధమాడినందుకు కొట్టితిమి. సంతకముకన్న ముందే ఆ పత్రమున అబద్ధమున్నదని, దానిని ప్రతి నెలయు మేము ఒప్పుకొని సంతకము చేయుచున్నామని, నాడు మాకు తట్టలేదు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమందలి ప్రభుత్వ పాఠశాలలన్నింట ఒకే దినమున తల్లిదండ్రుల సమావేశములు జరిగినవి. తల్లిదండ్రులు బడి గడప త్రొక్కుట మేలే. త్రొక్కి ఏమి అడిగితిమన్నదే ప్రశ్న. ఈ అక్టోబరులో పొరుగింటి బాలుని పాఠశాలలో అట్టి సమావేశము జరుగగా, ఆ తండ్రియు తల్లియు మేమును కలిసి వెళ్లితిమి. మేము కోరినది స్వల్పము. పదవ తరగతి వరకు పత్రమునుండి ర్యాంకు గడిని తీసివేయుడు. ప్రతి విషయమునకు ఎదుట, ఈ నెల బాలుడు క్రొత్తగా చేయగలిగినదొకటి, ఇంకను చేయలేనిదొకటి తెలుగున వ్రాయుడు. దిద్దిన జవాబు పత్రమును రెండు దినములు ఇంటికి పంపుడు. వెనుక బల్లలనుండి ఒక తండ్రి లేచి, ర్యాంకు తీసేస్తే మా వాడు చదువుతున్నాడో లేదో ఎలా తెలుస్తుందండీ యనెను. ఇప్పుడు తెలియుచున్నదా యని ఆ తల్లి అడిగినది. ఆయన కూర్చుండెను గాని ఒప్పుకొనినట్లు తోపలేదు.

ర్యాంకు సంగతి యాజమాన్యముతో మాటలాడెదమని పాఠశాలవారు చెప్పిరి. వాక్యముల సంగతి వచ్చు సంవత్సరము ఆలోచింతమనిరి. జవాబు పత్రములు ఇంటికి పంపుటకు నిబంధన ఒప్పదనిరి. ఆ నిబంధన ఎచ్చట వ్రాయబడియున్నదని అడిగితిమి, వెదకి తెలిపెదమనిరి. మూడు నెలలైనది. నిన్న జనవరి పత్రము వచ్చినది. మొత్తము 300కు 229, ర్యాంకు 14. తండ్రి దానిని మాకు చూపి, సంతకము చేయక, తల్లి చేతికిచ్చెను. ఆమె గీత ముందున్న తండ్రి అను మాటను కొట్టివేసి, తన పేరు తెలుగున వ్రాసి, దాని క్రింద ఒక ప్రశ్న వ్రాసి పంపినది: మా అబ్బాయికి సామాన్యశాస్త్రములో ఏది తెలియలేదు? నేటి సాయంకాలమువరకు బదులు రాలేదు.